మేడమ్ అడగని ప్రశ్న

మా మేడమ్ కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్నుంచి మణికట్టు దాకా, ఒక పాత మచ్చ ఉండేది. చిన్నప్పుడు రేకు కోసుకుపోయిన గుర్తు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళలో ఆ మచ్చని చూడనివాళ్ళు ఉండరు. ఎదుటి మనిషి తనకే చేటు తెచ్చే మాటేదో అనబోతున్నాడని అనుమానం రాగానే ఆవిడ చెయ్యి లేచేది. కసిరినట్టు కాదు. పంక్తిలో కూర్చున్నప్పుడు ఇక చాలని విస్తరి మీద అడ్డం పెడతామే, అలా. ఎంత వాగుడుకాయ అయినా ఆ చెయ్యి చూసి టక్కున ఆగిపోయేవాడు.

కిందటి నెల ఆవిడ పోయారని మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఇక చూడండి, దణ్ణాలు, పువ్వులు, వెలుగుతున్న దీపాలు. గొప్ప గురువన్నారు, తీరని లోటన్నారు, నిండైన వ్యక్తిత్వమన్నారు. ఆవిడే గనక బతికుండి ఇవన్నీ చదివితే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, నిండైన అంటే ఏటి, నువ్వు కంటితో చూసిందేటో అది రాయి అని వాయించేవారు. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. గ్రూపులో ఏమీ రాయలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, కంటితో చూసినంత మటుకు.

నేను క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ చేశాను. అందులో కోర్టులకీ జైళ్ళకీ సంబంధించిన శాఖ ఒకటుంది, ఫోరెన్సిక్ అంటారు, అది తీసుకున్నాను. మాది ఉక్కునగరం. మా నాన్న స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. సెక్టార్‌లో మా చుట్టుపక్కల ఆంటీలకి నా చదువేమిటో చెప్పలేక అమ్మ ప్రాణం విసిగిపోయేది. మీ అమ్మాయి పిచ్చి డాక్టరా, పోలీసా అని అడిగేవారట. రెండూను అని చెప్పి తలుపేసుకునేది. నిజానికి రెండూ కాదు. ముద్దాయిని జడ్జిగారు మా దగ్గరికి పంపుతారు. ఇతనికి కోర్టులో జరిగేది అర్థమవుతోందా, తన వకీలుతో మాట్లాడుకోగలడా, లేక మతి లేనట్టు నటిస్తున్నాడా అని అడుగుతారు. మేం పరీక్షించి జవాబు రాస్తాం. ఆ పని ఎలా చెయ్యాలో నేర్పే మనిషి మా ఊళ్ళో అప్పట్లో మేడమ్ ఒక్కరే.

మేడమ్‌ది వన్‌టౌన్. వాళ్ళ నాన్న రేకు పెట్టెలు చేసేవారు. ఆ దుకాణం మీద మేడలోనే పుట్టి, అక్కడే చదివి, ఉద్యోగం వచ్చాక కూడా అక్కడే ఉన్నారు. పొట్టిగా, సన్నగా ఉండేవారు. కాటన్ చీర, మెళ్ళో కళ్ళజోడు తాడు, జుట్టు ముడిలో గుచ్చిన పెన్సిలు. ఆ పెన్సిలు బయటికి తీశారంటే మాకు గుండె జారేది. మా రిపోర్టుల్లో ఉన్న విశేషణాలన్నిటినీ దాంతో కొట్టేసేవారు. ఒకసారి నేను ఒక ముద్దాయి గురించి మొండివాడని రాస్తే, "ఎవరికి మొండి? నీకా, వాళ్ళమ్మకా?" అన్నారు. ఇంకోసారి కన్నీళ్ళు కూడా నటనేనని రాశాను. పెన్సిలు ఆ వాక్యం మీదే పెట్టి, కన్నీళ్ళు సరే చూశావు, నటన ఎక్కడ చూశావమ్మా అని చాలా మెల్లిగా అడిగారు. తిట్టినా బాగుండును అనిపించింది.

మనిషిని చూడగానే తెలిసిపోయింది అన్న మాట ఆవిడ దగ్గర ఎవరైనా అన్నారో, అంతే. అలా అన్న కుర్రాణ్ణి కొన్నాళ్ళు కేసుల దగ్గరికే రానివ్వలేదు. చూడగానే తెలిసిపోయేటట్టయితే ఇంత చదువెందుకు నాయనా, కోర్టు గుమ్మంలో చిలక జోస్యం పెట్టుకో అన్నారు. పాపం వాడు ఏడ్చినంత పని చేశాడు.

ఆవిడ పద్ధతుల్లో మాకు మొదట వింతగా తోచింది భోజనం సంగతి. జైలు నుంచి ముద్దాయిని తీసుకొచ్చే ఎస్కార్ట్ కానిస్టేబుళ్ళకి ఇంటి నుంచి క్యారేజీ తెచ్చేవారు. వంజరం చేప వేపుడు, టమాటా పచ్చడి, అన్నం. వాళ్ళని మా ఆస్పత్రి వరండా చివర బల్ల దగ్గర కూర్చోబెట్టి, మళ్ళీ మళ్ళీ వడ్డించేవారు. ఇదేదో దయాగుణం అనుకున్నాం మేము. కడుపు నిండినోడు దూరంగా కూకుంటాడు, ఇటు సెవి పెట్టడు, అని తరవాత ఆవిడే బయటపెట్టారు.

కానీ అసలు పద్ధతి వేరే ఉంది. దాన్ని చూశాకే ఈ మనిషి మామూలు మనిషి కాదని నాకు నమ్మకం కుదిరింది. ముద్దాయి వచ్చి కూర్చోగానే ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, తను పుట్టి పెరిగిన భాషలో, ప్రతిసారీ ఇలా మొదలుపెట్టేవారు.

"చూడు నాయినా, నాను నీ డాక్టర్ని కాను. నీకు మందులివ్వను. నువ్వు నాకు సెప్పింది నా కడుపులో దాగదు, జడ్జిగారికి రాసి పంపిత్తాను. అది నీకు మంచయినా సరే, సెడ్డయినా సరే. సెప్పడం ఇష్టం నేకపోతే మానీ, నాకేం కోపం రాదు. ఇప్పుడు నానెవర్నో, ఏటి సేత్తానో, నీ మాటల్లో నాకు సెప్పు."

ఆ చివరి ముక్కే ముఖ్యం. అర్థమైందా అని ఆవిడ ఎవరినీ అడగరు. అవతలివాడు తన నోటితో, తన మాటల్లో తిరిగి చెప్పేదాకా ఒక్క ప్రశ్న కూడా వెయ్యరు. చెప్పలేకపోతే మళ్ళీ మొదట్నుంచి. ఒక ఆటో డ్రైవరు ఆలోచించి ఆలోచించి, మీరు జడ్జిగారి కళ్ళజోడండీ అన్నాడు. ఆవిడ మురిసిపోయి, తన కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు. ఒక ముసలాయన మటుకు ఆవిడని ఎగాదిగా చూసి, "వైద్దిం సెయ్యవు, సాడీలు మాత్రం సెప్తావు. అంతేనా?" అన్నాడు. మేము బిక్కచచ్చిపోయాం. ఆవిడ పకపకా నవ్వి, మా పుస్తకాలేవీ ఇంత బాగా చెప్పలేదని మాతో అన్నారు. ఆ తరవాత నుంచి కొత్త విద్యార్థులకి మా పనేమిటో ఆ ముసలాయన మాటల్లోనే చెప్పేవారు.

ఇక ఆ కేసు.

అతను కూర్మన్నపాలెంలో వరసగా అద్దె గదులున్న ఒక మేడలో ఉండేవాడు. ఆటోనగర్ వైపు ఒక చిన్న ప్రైవేటు మిల్లులో ఇనుప కమ్మీలు సాగదీసే దగ్గర కాంట్రాక్టు పని. అతనితో పాటు అదే గదిలో, అదే మిల్లులో చేసే మరొకతను ఉండేవాడు. ఒకరోజు పొద్దున్నే ఆ రెండో మనిషి మెట్ల కింద తల పగిలి చచ్చిపడున్నాడు. ఇతను పక్కనే నిలబడున్నాడు. ముందురోజు ఇద్దరూ పోట్లాడుకోవడం అందరూ చూశారు. ఇరుగుపొరుగు మూగి, నువ్వే తోసీసావా అని అడిగారు. ఇతను తల ఊపాడు. అంతమంది సాక్షుల ముందు ఊపాడు. కేసంతా ఆ తల ఊపడం మీదే నడుస్తోంది.

కోర్టుకి తీసుకెళ్తే అక్కడ జడ్జిగారు ఏది అడిగినా తల ఊపాడు. నేరం ఒప్పుకుంటున్నావా అంటే ఊపాడు, ఒప్పుకోవడం లేదా అంటే ఊపాడు. వకీలు ఇక నావల్ల కాదన్నాడు. అంతకుముందు ఒక డాక్టరు చూసి, మాట్లాడగలడు గానీ సహకరించడు, నటనలా ఉంది అని రాసిచ్చారు. ఆ కాగితంతో పాటు మనిషి మా దగ్గరికి వచ్చాడు. మేం కూడా నటనే అంటే విచారణ అలాగే సాగిపోతుంది, ఆ తల ఊపడానికి యావజ్జీవం పడొచ్చు. మతి లేదని రాస్తే తాళం వేసిన వార్డులో ఎన్నేళ్ళు ఉంటాడో చెప్పలేం. ఎటు చూసినా అతని బతుకు మా కాగితం మీదుంది.

మొదట నన్నే కూర్చోమన్నారు మేడమ్. నటించేవాళ్ళని పట్టుకోవడానికి మా చదువులో ఒక మార్గం ఉంది. ఎక్కడా జరగని విచిత్రాలు అడుగుతాం. నీ వేళ్ళు నీతో మాట్లాడతాయా, అన్నం మెతుకులు నీ మీద కుట్ర పన్నుతున్నాయా, ఇలాంటివి. నిజంగా జబ్బున్నవాళ్ళు కూడా వీటిలో చాలావాటికి కాదనే అంటారు. నటించేవాళ్ళు ఎందుకైనా మంచిదని అన్నిటికీ ఔనంటారు. ఇతను అన్నిటికీ ఔనన్నాడు, తల ఊపుతూ. నేను ఆ పద్ధతి కొత్తగా నేర్చుకున్నాను. పుస్తకంలో చెప్పినట్టే అచ్చంగా జరుగుతుంటే నాకు లోపల్లోపల గంతులేసినట్టుంది.

మేడమ్ గోడవారన కూర్చుని అంతా చూశారు. తరవాత లేచి ఫ్యాను ఆపారు. కుర్చీ అతని ఎదురుగా లాక్కుని తన మామూలు పాఠం మొదలుపెట్టారు. నాను నీ డాక్టర్ని కాను. అతను తల ఊపాడు. జడ్జిగారికి రాసి పంపిత్తాను. ఊపాడు. నానెవర్నో నీ మాటల్లో సెప్పు. ఊపాడు. ఆవిడ ఆగారు. మళ్ళీ మొదట్నుంచి చెప్పారు. మళ్ళీ అదే చోట తల ఊపాడు. నా ప్రశ్నలన్నిటినీ తల ఊపి దాటేసిన మనిషి ఈ ఒక్క ప్రశ్న దగ్గర చిక్కుకుపోయాడు. దీనికి తల ఊపితే సరిపోదు మరి.

అప్పుడావిడ ఒక పని చేశారు. అతని కళ్ళలోకి చూస్తూ, గొంతు లేకుండా, ఉత్తి పెదవులు మాత్రం కదిపారు. గదిలో చిన్న శబ్దం కూడా లేదు. పెదవులు ఆగగానే అతను వినయంగా తల ఊపాడు.

నేను నా ప్రశ్నల కాగితం ఒళ్ళో బోర్లా పెట్టేశాను.

ఆవిడ లేచి అతని వెనక్కి వెళ్ళి, క్యారేజీ మూత ఎడమ పక్కన గచ్చు మీద పడేశారు. నేను ఉలిక్కిపడ్డాను, అతను కదల్లేదు. కుడి పక్కన పడేశారు. ఏదో పురుగు ఎగిరినట్టు కొంచెం అటు చూశాడు. అప్పుడావిడ అతని కుడి చెవి దగ్గరికి వంగి, నీ పేరేటని గట్టిగా అరిచారు. అతను గబుక్కున ఆవిడ వైపు తిరిగాడు. చాన్నాళ్ళకి తన పేరు ఎవరో అడిగారని అర్థమైన మొహం అది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ చెప్పింది పేరు కాదు. తలుపు వైపు భయంగా చూసి, గొంతు బాగా తగ్గించి, చేతులు జోడించాడు.

"మెల్లగా అనండమ్మా. మేస్త్రీ ఇంటే గేటు పాసు పీకేత్తాడు."

ఎంతకాలం నుంచి దాస్తున్నాడో. చిన్నప్పుడు ఎడమ చెవి చీము పట్టి పోయిందట. కుడిది మిల్లు మోతలో కొంచెం కొంచెంగా పోయింది. చెవుడని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. ఎవరు ఏమన్నా తల ఊపడం నేర్చుకున్నాడు. ఊపితే పని జరిగిపోతుంది, ఆఁ అని మళ్ళీ అడిగితే అనుమానం వస్తుంది. ఆ మిల్లు వదిలి జైలుకొచ్చినా, మెడ మీద హత్య కేసున్నా, అతని భయం మటుకు ఇంకా ఆ గేటు పాసు దగ్గరే ఉంది.

అతన్ని తీసుకెళ్ళారు. మీకెలా తెలిసింది మేడమ్ అని అడిగాను. నన్నే ఎదురడిగారు, మీ ఇంట్లో టీవీ ఎంత సౌండు పెడతారని. మా నాన్న టీవీ పెడితే వీధి చివరికి వార్తలు తెలుస్తాయి. అమ్మ ఏం చెప్పినా ఆయన అన్నం కలుపుకుంటూ తల ఊపుతారు, నా మాట ఏనాడు విన్నారు కనక అని అమ్మ సాధిస్తుంది. అది చెవి సంగతి కావచ్చని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మేడమ్ నవ్వి, తను అబ్బా అని పిలిచే వాళ్ళ నాన్నగారి సంగతి చెప్పారు. పొద్దస్తమానం రేకు మీద సుత్తి దెబ్బలే కదా. చెవులు పోయాయి. గిరాకీ పోతుందని ఆయనా తల ఊపేవారు. ఆవిడ ఇంటర్ చదువుతున్నప్పుడు, పెట్టె కొనడానికొచ్చిన ఒకాయన మీ పిల్లని మా తమ్ముడి కొడుక్కి ఇస్తారా అని మాటల్లో అడిగాడట. సుత్తి ఆపకుండానే ఈయన తల ఊపేశారు. మర్నాడు వాళ్ళు మిఠాయి పట్టుకుని మేడ ఎక్కారు.

"అలా నా పెళ్ళి కూడా ఊపీసాడు మా అబ్బా," అన్నారు మేడమ్. ఆ మిఠాయి వెనక్కి పంపేటప్పటికి ఇంటిల్లిపాదికీ తల ప్రాణం తోక్కొచ్చిందట.

కోర్టులో ఆవిడ సాక్ష్యం చెప్పిన రోజు నేను వెనక బెంచీలో ఉన్నాను. ఆవిడ చెప్పినదంతా ఒక్కటే. ఇతనికి మతి బాగుంది, చెవి బాగోలేదు. ప్రశ్న వినిపించకుండా ఊపిన తలని జవాబు అనుకోవడానికి వీల్లేదు. చెవికి మిషన్ పెట్టించి, దగ్గర కూర్చోబెట్టుకుని అప్పుడు అడగండి. ప్రాసిక్యూటరుకి చిర్రెత్తింది. అయితే ఇతను నిర్దోషి అని మీ అభిప్రాయమా అన్నాడు. నాకు తెలీదండీ అన్నారావిడ. ఇతనే చంపాడా మరి? నాకు తెలీదు. ఇన్నిసార్లు చూశారు, ఇన్ని డిగ్రీలున్నాయి, ఏదో ఒకటి అనిపించి ఉండదా అని ఆయన గొంతు పెంచాడు. నాకు అనిపించింది సాక్ష్యం కాదు సార్ అన్నారు. తడబడలేదు, నసగలేదు. తెలుసని చెప్పేటప్పుడు జనం ఎంత నిటారుగా నిలబడతారో, తెలీదని చెప్పేటప్పుడు ఆవిడ అంత నిటారుగా నిలబడ్డారు. ఆ మాట అనడానికి ఇంత ధైర్యం కావాలని నాకు అంతకుముందు తెలీదు. బెంచీలో కూర్చుని ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది.

కోర్టు ఒప్పుకుంది. కుడి చెవికి మిషన్ వచ్చింది. విచారణకి సిద్ధమేనా చూడమని అతన్ని మళ్ళీ మా దగ్గరికి పంపారు. ఈసారి అదే కుర్చీ, అదే గది, వరండాలో అదే వేపుడు వాసన. మేడమ్ అతని కుడివైపుకి కుర్చీ జరుపుకుని పాఠం చెప్పారు. అతను చెవి మీద చెయ్యి ఆనించి ప్రతి మాటా విన్నాడు. తల ఊపలేదు. కొంచెం ఆలోచించి, నెమ్మదిగా అన్నాడు.

"నువ్వు నా డాక్టరువి కావమ్మా. నా పక్కా కాదు, అటు పక్కా కాదు. నాను సెప్పింది జడ్జిగారికి సెప్పేత్తావు. ఇష్టం నేకపోతే ఊరుకోమన్నావు."

మేడమ్ మొహం వెలిగిపోయింది. అతనికీ ఏదో కట్టలు తెగినట్టుంది. ఇన్నాళ్ళుగా మాటలు లోపలే ఉండిపోయిన మనిషి కదా. ముందుకి వంగి, ఆవిడ మొహంలోకి చూస్తూ, "ఆ రోజు పొద్దున్న నాను మెట్ల కాడ..." అని మొదలుపెట్టాడు.

చెయ్యి లేచింది. అరచేతిలో ఆ మచ్చ నాకు స్పష్టంగా కనిపించింది.

"అది నీ వకీలుకి సెప్పుకో నాయినా. నాకొద్దు."

అతను నోరు మూసుకున్నాడు. నేను పళ్ళు కొరుక్కున్నాను. సాక్షులకీ పోలీసులకీ తెలియని సంగతి, మా గదిలోకి దానంతట అది నడిచొస్తే, గుమ్మంలోనే ఆపేశారు. మిగతా పనంతా చేశాం. కోర్టులో ఎవరెవరుంటారో, ఎవరి పనేమిటో, శిక్ష పడితే ఏమవుతుందో అన్నీ చక్కగా చెప్పాడు. విచారణకి సిద్ధమేనని రాశాం. ఆ రిపోర్టు పంపేముందు, ఎప్పటిలాగే, అతన్ని కూర్చోబెట్టి మొత్తం అతని భాషలో చదివి వినిపించారు. ఎవరి గురించి రాశామో ఆ మనిషి ముందు చదవలేని కాగితం కోర్టులో చదవడానికి పనికిరాదని ఆవిడ పట్టుదల.

ఆ సాయంత్రం ఆస్పత్రి గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డాం. నేను ఉండబట్టలేక అడిగేశాను, అతను తోశాడో లేదో తెలుసుకోవాలని మీకు లేదా అని. ఏదో ఘనమైన జవాబు వస్తుందనుకున్నాను. ఆవిడ నన్ను వింతగా చూశారు.

"ఎందుకు లేదే? చచ్చేంత ఉంది. ఆ చెయ్యి అతనికి అడ్డం పెట్టాననుకున్నావా? నాకు పెట్టుకున్నాను."

ఆటో వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయారు.  నాకు ఆవిడంటే గౌరవం అప్పటికే ఉంది. కానీ ఆవిడకి కుతూహలం లేదేమో, రాయిలాంటి మనిషేమో అనుకునేదాన్ని. నాకున్న ఆత్రం అంతా ఆవిడకీ ఉందని, ఉండి కూడా ప్రతి కేసులో, ప్రతి మనిషి ముందు, దాన్ని అలా ఆపుకుంటూ వచ్చారని అప్పుడు తెలిసింది. నేను ఇప్పుడు అదే పని చేస్తున్నాను. అది ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి ఆవిడంటే నాకు అబ్బురం పెరిగిందే తప్ప తగ్గలేదు.

చాలాకాలం సాగి ఆ కేసు కొట్టేశారని తరవాత విన్నాను. సంశయలాభం. అంటే కోర్టుకి కూడా తెలీలేదన్నమాట. ఆ మెట్ల దగ్గర ఏం జరిగిందన్నది నన్ను మటుకు వదల్లేదు. ఎక్కడ మెట్లెక్కినా గుర్తొచ్చేది.

మేడమ్ పోయారని తెలిసి నేను వన్‌టౌన్ చేరేసరికి ఖననం ముగించి ఖబరస్తాన్ నుంచి మగవాళ్ళు తిరిగొచ్చేశారు. రేకు పెట్టెల దుకాణం ఉన్నచోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. పైన మేడలో ఆవిడ చెల్లెలి దగ్గర కాసేపు కూర్చుని, కళ్ళు తుడుచుకుని కిందికి దిగాను. సందులో వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో, ఒక చివర, నెరిసిన జుట్టుతో ఒకతను కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుడి చెవి వెనక మిషన్ ఉంది. చేతివేళ్ళకి ఖబరస్తాన్ మట్టి ఇంకా అంటుకునుంది.

అతనే. మేడమ్ పోయిన సంగతి పేపర్లో చూసి వకీలుగారు ఫోన్ చేశారట. ఆనందపురం నుంచి బస్సెక్కి వచ్చాడు. అక్కడ పూల మార్కెట్లో మూటలు కట్టే పని చేస్తున్నానన్నాడు. పూల పనిలో చప్పుడుండదు కదండీ అన్నాడు. నేను కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.  అతనే మొదలుపెట్టాడు.

"అందరూ అడిగినారు మేడం. పోలీసులడిగినారు, వకీలడిగినాడు, మా ఆడది కూడా అడిగింది, నువ్వే సేసావా అని. ఆవిడొక్కత్తే అడగనేదు."

నేను తల వంచుకున్నాను. ఎందుకంటే సరిగ్గా ఆ ప్రశ్నే నా నాలిక చివర ఉంది. ఇన్నేళ్ళుగా ఉంది. ఇప్పుడు కోర్టు లేదు, కేసు లేదు, రాయాల్సిన రిపోర్టు లేదు. అడిగితే ఎవరికీ నష్టం లేదు. నా మొహంలో అది కనిపించే ఉంటుంది. ఇతరుల మొహాలు చూసి బతకడం నేర్చిన మనిషి అతను.

"ఆ రోజు మీరూ ఉన్నారు కదా," అన్నాడు. "మీకు ఇప్పుడు కావాలంటే సెప్తాను."

నా చెయ్యి లేవలేదు. నేను మేడమ్‌ని కాను. కానీ ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. లేచి నా కుర్చీ అతని కుడివైపుకి మార్చుకున్నాను. మొహం కనిపించేలా కూర్చుని, మాట మాటకీ ఆగి అడిగాను.

"నాకు కావాలనా, లేకపోతే నీకే చెప్పాలనుందా?"

అతను ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగాడు. పూర్తయ్యాక కూడా ఆగాడు. పైకి, మేడ కిటికీ వైపు చూశాడు. తరవాత నా వైపు తిరిగి, నెమ్మదిగా, తల అడ్డంగా ఊపాడు. అతను అలా ఊపగా నేను చూడటం అదే మొదటిసారి.

"నేదు మేడం," అన్నాడు. "నాకు నేదు."

అయితే వద్దులే అన్నాను.